విమానం రెక్క మీద ఎవరి నీళ్లు?

ఇవాళ పొద్దున హన్మకొండలో ఇస్త్రీ బండాయన నోట్లో నీళ్లు పోసుకుని నా చొక్కా మీద తుంపర ఊదాడు. ఆ తడి వాసనకు కాజీపేట రైల్వే క్వార్టర్‌లో నాన్న చేసిన బొమ్మ విమానం గుర్తొచ్చింది.

మన ఈడు వాళ్లకు తెలుసు కదా, అప్పట్లో విమానం బొమ్మ కొనేది కాదు, చేసుకునేది. వెదురు పుల్లల రెక్కకు నాన్న ఎర్ర పతంగి కాగితాన్ని మైదాపిండి ఉడికించిన లైతో అంటించాడు. ముడతలు పోవడానికి ఇలాగే నోటితో ఒక్కసారి నీళ్లు ఊది, "ఇగ ముట్టకుండ్రి. నీళ్లెక్కువైతే రెక్క వంకర పోతది" అని నాకూ అక్కకూ చెప్పి, ఎండలో పెట్టి డ్యూటీకి పోయాడు.

ఒక్క ముడత మిగిలింది. అక్క చూడకుండా నేను ఇంకోసారి ఊదాను. సాయంత్రానికి రెక్క వేయించిన అప్పడంలా మెలి తిరిగింది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బరువు పెట్టకుండ ఎండల పెట్టిన. తప్పు నాదే బిడ్డా" అన్నాడు.

ఇన్నేళ్లకు ఇవాళ అక్కకు ఫోన్ చేసి నిజం చెప్పేశాను. ఆమె వెంటనే అందుకుంది.

"నువ్వెందుకు ఊదినవ్‌రా? ఊదింది నేను గదా, నువ్వు పండుకున్నంక."

రెక్కను చెడగొట్టింది నేనా, అక్కేనా, ఇద్దరమా? లేక నిజంగా ఎండేనా? ఇంటికెళ్లి నాన్న ముందు కూర్చుని అంతా ఒప్పుకున్నాను.

ఆయన పేపర్ మడిచి, "మనింట్ల విమానమెక్కడిది బిడ్డా?" అన్నాడు.