నిమ్మకాయల గంప కింది గుడ్డ

ఆ ఏడాది నా చేతులనిండా పొక్కులు. జనం నిలబడైనా ప్రయాణించేవారు గానీ బస్సులో నా పక్కన కూర్చునేవారు కాదు.

ఒకరోజు వెంకటాచలంలో ఎక్కినామె నిమ్మకాయల గంప దించి, "ఏమైంది పాపా?" అంది.

"చర్మంలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకోనుంటాయంట అక్కా. నా ఒళ్లే ఆ పట్టు విడదీస్తా ఉందని డాక్టరు చెప్పినాడు. ఏదన్నా ఒరుసుకుంటే చాలు, తోలు ఊడొస్తది. పక్కనోళ్లకి రాదులే."

"ఒరుసుకోకూడదా? మా కాయల మాదిరే!"

పక్కనే కూర్చుంది. గంప కింద తలమీద పెట్టుకునే గుడ్డచుట్ట విప్పి, కిటికీ కమ్మీకీ నా మోచేతికీ మధ్య మెత్తగా మడిచిపెట్టింది.

గూడూరులో తిరిగివ్వబోయాను.

"నువ్వింకా చానా దూరం పోవాల గదా, ఉండనీ."

గంపను వట్టి తలమీదే ఎత్తుకుని దిగిపోయింది.