కింది నాలుగు ప్లగ్గులు

మూడో స్పార్క్ ప్లగ్గును తలకిందులుగా పట్టుకుని సిమెంటు నేలకేసి టక్ టక్ మని రెండుసార్లు కొట్టాను. ఆవగింజంత సీసం పూసలు రెండు రాలాయి. అబ్బ, ఎంత సులువు అనుకున్నాను. సన్నటి ఇనప పుల్లతో పావుగంట గీకినా రానివి అవి. నాలుగోదాన్నీ అలాగే కొట్టాను.

బంటింగ్ ఊళ్ళో మా చిన్నాన్న బైకుల షాపులో ఐదేళ్ళుగా పనిచేస్తున్నాను. అక్కడ ప్లగ్గు తీస్తాం, నేలకేసి తడతాం, బ్రష్షుతో రుద్ది మళ్ళీ బిగిస్తాం, అంతే. బైకు ప్లగ్గులో పట్టేది నల్లటి మసి. విమానాల పెట్రోల్లో సీసం ఉంటుందని, అది బూడిదరంగు పూసలుగా గట్టిపడుతుందని, సిలిండరుకి పైనొకటి కిందొకటి ప్లగ్గులుంటే ఎక్కువగా కింది దాంట్లోనే చేరుతుందని నాకు ఆ ఆదివారమే తెలిసింది.

విమానం మా మావది, మా అమ్మకి అన్న. పోర్ట్ క్లాంగ్ రేవులో లారీలు బాగుచేసి రిటైరయ్యాక, పామాయిల్ తోట పక్కన గడ్డి రన్‌వే ఉన్నచోట, రేకుల షెడ్డులో ఆరేళ్ళు కష్టపడి రెండు సీట్ల విమానం సొంతంగా కట్టుకున్నాడు. అందరం ఎక్కాం. ఎక్కనిది మా అత్త ఒక్కతే. ఆ చప్పుడంటే భయం. అది అలవాటు కావాలని మావ ప్రతి ఆదివారం ఇంజిన్ నెమ్మదిగా తిప్పుతూ, అత్తను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని గంటసేపు కబుర్లు చెప్పేవాడు. అలా నేల మీదే నెమ్మదిగా తిరిగితే ఇంజిన్ సరిగా వేడెక్కదట, సీసం బయటికి పోకుండా పేరుకుంటుందట. అంటే అత్త ధైర్యమూ, ప్లగ్గుల్లో సీసమూ కలిసే పెరిగాయన్నమాట.

చివరికి అత్త సరేనంది. సోమవారం సెలవు, ఆ పొద్దున్నే ఎక్కుతానంది. తీరా ఆదివారం మధ్యాహ్నం నడిపి చూస్తే ఇంజిన్ దగ్గుతూ వణికింది. మావ ఎనిమిది ప్లగ్గులూ విప్పి, ఎనిమిది చిల్లులున్న చెక్కలో వరసగా గుచ్చి, నన్ను సాయం పిలిచాడు. పైవి నాలుగూ తను శుభ్రం చేసి, కిందివి నాకు అప్పజెప్పి టీ తేవడానికి వెళ్ళాడు.

తిరిగొచ్చి, నేను చేసిన వాటిలోకి టార్చి వేసి చూశాడు.

"ఏటే అమ్మీ, ఇంత బేగి సేసేసినావు? నీది బంగారం సెయ్యి."

"షాపులో ఎన్ని సూసినాను మావా."

"బైకు ప్లగ్గులు ఏరు, ఇవి ఏరు. ఇవి సెయ్యి జారి నేల మీద పడితే ఇంక పనికిరావు. లోపల పింగాణి సీలతాది, కంటికి కనపడదు. పైకెల్లినాకే తెలుస్తాది. ఆడ పక్కన ఆపుకోడానికి రోడ్డు నేదు."

ఎప్పుడూ ఆగని నా నోరు అప్పుడు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే అత్త కొత్త స్కార్ఫు పట్టుకుని వచ్చింది, ఆకుపచ్చది.

"ఇది కట్టుకుంటే జుట్టు సెదరదు కదే?"

"విమానానికి అద్దం మూత ఉంది అత్తా, గాలి రాదు."

"రాకపోతే ఏటి, ఫోటోలో బాగుంటాది."

ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను. మావ అన్నీ బిగించి ఇంజిన్ నడిపాడు. నున్నగా తిరిగింది. చూశావా, ఏమీ కాలేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. బైకు మీద ఇంటికెళ్ళే దారంతా అదే చెప్పుకున్నాను. నిజంగా ఏమీ కాకపోతే అన్నిసార్లు చెప్పుకోవడం దేనికి? నేలకేసి కొట్టింది తెలియక. బంగారం సెయ్యి అన్నాక కూడా నోరు మూసుకుంది మాత్రం తెలిసే.

పొద్దున్నే వాళ్ళకంటే ముందే షెడ్డుకి వెళ్ళాను. కింది నాలుగు ప్లగ్గులూ విప్పి, చెక్కలో గుచ్చి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అత్త స్కార్ఫు కట్టుకునే వచ్చింది, చేతిలో నాసి లెమాక్ కొబ్బరన్నం పొట్లాలు. ముందు ఆవిడకే చెప్పాను, వీటిలో రెండింటిని నేను నేలకేసి కొట్టానని, ఏ రెండో ఇప్పుడు గుర్తుపట్టలేనని.

మావ నా ఒళ్ళోంచి చెక్క తీసుకున్నాడు.

"నిన్న ఎందుకు సెప్పనేదు?"

"అత్త స్కార్ఫు సూపించింది మావా."

అత్త స్కార్ఫు ముడి విప్పుకుంటూ, "కొత్తవి ఎప్పుడొస్తాయి?" అంది.

"రెండు వారాలు పడతాది లాహ్."

"అయితే ఈ రెండు వారాలూ ఈ పిల్లని నా పక్కన కూకోబెట్టు. ఆ ఇంజిన్ కన్నా ఎక్కువ సప్పుడు సేస్తాది. దీనికి సీసం కూడా పట్టదు."

మావ నవ్వలేదు. పాడైన ప్లగ్గును ఎవరూ పొరపాటున కూడా మళ్ళీ బిగించకుండా నలగ్గొట్టి పారేయడం ఆయన పద్ధతి. గోడకున్న సుత్తి తీసి నా చేతికిచ్చాడు. నాలుగింటినీ నేల మీద వరసగా పెట్టి, ఇక ఏ ఇంజిన్‌లోనూ పట్టకుండా, మర నలిగేదాకా ఒక్కోదాన్నీ కొట్టాను.