సుభానీ సెల్లుల పెట్టె

మార్టూరు చుట్టుపక్కల బావి లోతు చేయించాలంటే సుభానీకే కబురు వెళ్లేది. రాతి క్వారీలో బండలు పగలగొట్టే మందు తూటాలు పేల్చడం నేర్చుకున్నాడు. వానలు మొహం చాటేసి మిరపతోటలు నిలువునా ఎండిన ఏడు, రైతుల బావుల్లోకి దిగాడు. ఒట్టి మొండిమనిషి.

అతనికి చిన్న రేడియో ఉండేది. పొద్దంతా గట్టు మీద పాటలు వింటూ, తూటా పేల్చే వేళకు దాని సెల్లులే తీసి, తూటా నుంచి పైకి తెచ్చిన వైర్లకు తగిలించేవాడు. దిగేటప్పుడు జేబులో వేసుకుంటే బావి చెమ్మకు అవి పాడైపోయేవి. నీరసపడ్డ సెల్లులతో తూటా పేలకపోతే, ఎందుకో చూడటానికి దిగాల్సింది తనే. అందుకని వాటికి పెట్టె చేశాడు. మామిడి చెక్కలు కోసి, లోపల సైకిల్ ట్యూబు ముక్కలు పరిచి, అతుకులకు మైనం పూసి, తోలు పట్టీ కుట్టాడు. బావిలోకి దిగేటప్పుడు దాన్ని నడుముకు కట్టుకునేవాడు.

“సెల్లులకి ఇంత ఇల్లు కట్టావేందయ్యా?” అంది భార్య జోహరాబీ.

“నేను కింద ఉండగా పైన ఎవడన్నా వైర్లు తగిలిస్తే? ఇది నా దగ్గరుంటే ఇంక భయం లేదు.”

ఆ మాట తలుచుకుంటే పొరుగింట్లో ఉండే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లోకంలో బ్యాటరీ అదొక్కటే ఉన్నట్టు.

ఒకరోజు తూటా పేలలేదు. పైపని చూసే బావమరిది మాలిక్, సెల్లుల్లో బలం చాల్లేదనుకుని, చెప్పకుండా ఎటో వెళ్లాడు. సుభానీ తుమ్మచెట్టు నీడన చాలాసేపు ఆగి, పెట్టె నడుముకు బిగించి, చెట్టుకు కట్టిన తాడు పట్టుకుని ఒక్కడే దిగాడు.

అడుగున వంగి చూస్తుంటే రాయి మీద వైరు కదిలింది. ఎవరో లాగుతున్నట్టు మెల్లగా పైకి జరుగుతోంది. పైన ట్రాక్టరు మోత. సుభానీ అరిచాడు. ఆ మోతలో అరుపు గట్టు దాటలేదు. తూటా దగ్గర వైర్ల ముడి తెంపేశాడు.

పైకి వచ్చేసరికి మాలిక్ ట్రాక్టరు బ్యాటరీ మీద వంగి ఉన్నాడు.

“దీనికి కూడా పేల్లేదు బావా. రెండుసార్లు తగిలించా. నువ్వేమో మంచినీళ్లకి పోయావనుకున్నా,” అంటూ తిరిగి చూశాడు. బావ మోకాళ్ల దాకా బావి బురద. చేతిలో తెగిన వైరు. మాలిక్ బ్యాటరీ మీది వైర్లు ఊడబెరికాడు.

సుభానీ చేతిలోని వైరు గట్టు మీద పడేసి ఇంటిదారి పట్టాడు. నాలుగు తన్నినా బాగుండేదని మాలిక్ తర్వాత నాతో అన్నాడు.

పేలని తూటా ఇంకా అడుగునే ఉంది. దాన్ని తీయగలవాడు ఆ ఊళ్లో మరొకడు లేడు. మర్నాడు సుభానీ పెట్టె గట్టు మీదే వదిలేసి, గట్టు మీది వైర్ల కొసలు రెండూ నడుముకు చుట్టుకున్నాడు. తాడు చెట్టుకు కట్టలేదు. మాలిక్‌ని పిలిచి అతని చేతికే ఇచ్చాడు.

మాలిక్ చేతులు వణుకుతున్నాయి. కిందికి దిగుతున్నంతసేపూ ఆ వణుకు తాడు వెంట సుభానీ అరచేతులకు తెలుస్తూనే ఉంది.