అల్లుడి కంచం ముందు తిట్టుపాట

మధుబని దగ్గర నేను ఇన్నేళ్లుగా ఉంటున్న ఊళ్లో, అల్లుడు భోంచేస్తుంటే ఆడవాళ్లు అతణ్ని పాట కట్టి తిట్టాలి. మన పెళ్లిళ్లలో వియ్యపురాలిని ఏడిపించే పాటల్లాంటివే, కాకపోతే కారం కాస్త ఎక్కువ. ఆ పాటలకు పెద్దదిక్కు సుగ్గీదేవి. ఆమె చేత తిట్లు తినకుండా ఏ అల్లుడి భోజనమూ పూర్తయినట్టు కాదు.

ముక్తినాథ్ మా వీధి అల్లుడు, మైథిలిలో నవలలు రాస్తాడు. ఈ ఏడు అతనికి ఢిల్లీలో జాతీయ సాహిత్య పురస్కారం ఇచ్చారు. ఆ తర్వాత మొదటిసారి అత్తవారింటికి వస్తున్నాడని మామగారు సుగ్గీదేవిని ముందే హెచ్చరించారు.

"వదినా, నోరు అదుపులో పెట్టుకో. దేశమంతా చప్పట్లు కొట్టిన మనిషి."

అల్లుడు భోజనానికి కూర్చున్నా ఆమె మూతి ముడుచుకుని కూర్చుంది. అల్లుడి మర్యాదకని కంచంలో వడ్డించిన చేప తల చల్లారిపోతోంది. ముక్తినాథ్ చెయ్యి పెట్టలేదు.

"ఉప్పు తగ్గిందా బాబూ?" అన్నారు మామగారు కంగారుగా.

"నేనే తగ్గాను మామయ్యా. నిరుడు అల్లుణ్ని, ఇప్పుడెవరో పెద్దమనిషిని. ఏం అత్తా, నన్ను వెలివేశావా?"

సుగ్గీదేవి మరిదిని ఓ చూపు చూసి గొంతెత్తింది.

"చదివి ఇచ్చారో, తూచి ఇచ్చారో ఢిల్లీవారు! బియ్యం కొలవడం రానివాడు బిరుదు మోసుకొచ్చాడు!"

పురస్కారం అందుకుంటున్న ఫొటోలో కూడా అతని ముఖం అంత వెలగలేదు. చేప తల తిన్నాడు గానీ, రెండో చరణం వాళ్లమ్మ మీదికి వచ్చేదాకా పెరుగు మాత్రం వేయించుకోలేదు.