గంజి పెట్టిన విమానం

నిన్న పొద్దున ఇస్త్రీ బండి నుంచి వచ్చిన నేత చీర మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. మడతలు పటపటమంటూ విడిపోయాయి. నాకు నవ్వు ఆగలేదు. చీర పట్టుకుని ఒక్కదాన్నే నిలబడి నవ్వుతుంటే మా కోడలు వంటింట్లోంచి తొంగి చూసి, ఏమీ అడగకుండా తల వెనక్కి తీసుకుంది. అడిగినా ఏం చెప్పను? గంజి వాసన వేస్తే అందరికీ ఉతికిన బట్టలు గుర్తొస్తాయి. నాకు కాగితం విమానాలు గుర్తొస్తాయి. వాటితోపాటు ఒక మేక, ఒక ఇన్స్పెక్టరు, అందరికంటే ముందు మా హెడ్మాస్టరు వీరభద్రప్పగారు గుర్తొస్తారు.

ఆయన ఎమ్మిగనూరులో నేను పనిచేసిన బడికి పెద్ద. నేత ఇంటి మనిషి. తెల్లటి పంచె, పైన మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు, ఎండాకాలంలోనూ తీయరు. మొహం చూస్తే ఇప్పుడే ఎవరినో కొట్టి వచ్చినట్టుండేది గానీ, ఆయన బెత్తం ముట్టుకోగా నేను చూసింది బీరువా కిందకు దొర్లిన సుద్దముక్కను లాగడానికే. నేను ఆదోని నుంచి బస్సు దిగి ఆ బళ్లో చేరేనాటికి నాకు ఇరవై దాటలేదు. మా నాయన ఆదోనిలో పత్తి మిల్లు కూలీ, అమ్మ చేలల్లో పత్తి తీసేది. మిషను వాళ్ల బళ్లో టీచరు ట్రైనింగు అయి, మా చర్చి వీధిలో సుద్దముక్క పట్టిన మొదటి ఆడపిల్లనయ్యాను. కానీ ఉద్యోగం ఖాయం కాలేదు. ఇన్స్పెక్టరు వచ్చి చూసి బాగుందని రాస్తేనే ఖాయం. బస్సెక్కిస్తూ మా నాయన ఒక్కటే మాట చెప్పాడు: "ఖాయమైతే ఉండు రూతమ్మా. కాకుంటే వచ్చేసెయ్. ఒక్కదాన్నే పరాయి ఊర్లో పెట్టినామని జనం ఊరికే ఉండరు." వెనక్కి వెళ్తే మళ్లీ నన్ను బయటికి పంపరని నాకు తెలుసు.

నాకిచ్చిన తరగతి సంతలాగా ఉండేది. దానికితోడు పేర్ల బాధ ఒకటి. ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకోని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. మొక్కుకుంటే బిడ్డకు ఆ పేరే పెడతారు. "ఈరన్నా, నోరు ముయ్!" అని అరిస్తే సగం తరగతి లేచి నిలబడి, "నేనేం సెయ్యలేదు టీచరమ్మా" అనేది. ఏ పని ఎవరు చేశారని అడిగినా ఒకటే జవాబు, "ఈరన్న." అది అబద్ధమూ కాదు.

అది ఎన్నికలొచ్చిన ఏడు. జీపుల్లోంచి, ఎద్దుల బండ్ల మీంచి కరపత్రాలు గుప్పిళ్లకొద్దీ చల్లేవాళ్లు. పలకలు తప్ప కాగితం ఎరగని పిల్లలకు ఒక్కసారిగా పసుపు, గులాబీ, ఆకుపచ్చ కాగితాలు దొరికాయి. ఇక చూడండి. నేను బోర్డు వైపు తిరిగితే చాలు, కరపత్రాల్లోని నాయకులంతా విమానాలై, చేతులు జోడించుకుని నా వీపు మీద వాలేవాళ్లు. వారం తిరగకముందే నా గొంతు పోయింది. ఒకరోజు కొంగు నిండా విమానాలు పోగేసుకుని, ఏడుపు గొంతుతో హెడ్మాస్టరు గదికి వెళ్లాను.

"సార్, నాకొక బెత్తం ఇప్పించండి," అన్నాను.

ఆయన కొంగులోవి బల్ల మీద పోయించుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని, వాటిని ఒక్కొక్కటే తీసి, నేత చీర నాణ్యం చూసేవాడిలా వేళ్లతో మడతలు తడిమారు. కోసు ముక్కువి ఒకవైపు, వెడల్పు రెక్కలవి ఒకవైపు, విడిగా తోక దోపినవి ఇంకోవైపు పెట్టారు. నేను బెత్తం కోసం చూస్తూ నిలబడ్డాను.

"వీట్లో ఏది బాగా ఎగిరిందమ్మా?" అన్నారు.

నేను బిత్తరపోయాను. "నేను చూడలేదు సార్. వీపుకు తగిలాయి."

"అదే గదా తప్పు. సూడల్ల." తలుపు వేసి, వెడల్పు రెక్కలది ఒకటి తీసుకుని, మొహం ఎదురుగా పట్టుకుని మెల్లగా వదిలారు. అది గది ఆ చివరిదాకా తేలుతూ పోయి బీరువా పక్కన దిగింది. ఆ మొహంలో అంతటి సంతోషం నేను మళ్లీ ఆయన మనవడు పుట్టినప్పుడే చూశాను. "ఇది గద్ద. కోసుముక్కుది బాణం. తోకది తోకదే. బాణాన్ని ఇసరొచ్చు. గద్దను ఇసరగూడదు టీచరమ్మా, ఇడవాల. బలం పెట్టి ఇసిరితే ఎనక్కొచ్చి నీ మొగానికే కొడుతుంది. నువ్వు తరగతిలో గొంతును ఇసురుతాండావు. అందుకే అది ఎనక్కొస్తాంది."

నాకు ఒళ్లు మండింది. గొంతు పోయి నేనేడుస్తుంటే ఈయనకు ఆటలా అనుకున్నాను. కానీ మరునాడు ఆయనే మా తరగతికి వచ్చి ఒక కట్టడి పెట్టారు. "విమానాలు సెయ్యొచ్చు. కానీ సదవని కాగితం మడవగూడదు. మొదుట్నుంచి కడదాకా టీచరమ్మకు గట్టిగా సదివి వినిపించినోడే మడవాల."

ఆ కట్టడి మంత్రంలా పనిచేసింది. పాఠం అంటే పారిపోయే పిల్లలు కరపత్రాలు పట్టుకుని నా బల్ల ముందు వరస కట్టారు. నేను అరవాల్సిన పని లేకపోయింది. నేను నెమ్మదిగా మాట్లాడితే, తమ వంతు ఎక్కడ పోతుందోనని వాళ్లే చెవులు రిక్కించేవాళ్లు. 'అమూల్యమైన', 'అభ్యర్థి', 'సోదర సోదరీమణులారా' లాంటి మాటలు తడబడకుండా చదివేవాళ్లు. వచ్చిన చిక్కల్లా ఒకటే. జీపు మైకులో విన్నట్టే, పిడికిలి ఎత్తి మరీ చదివేవాళ్లు.

వానలు పడ్డాక ఇంకో చిక్కు వచ్చింది. చెమ్మకు కాగితాలు మెత్తబడి, వదలగానే గద్దలన్నీ ముక్కు వాల్చేవి. ఇక్కడే వీరభద్రప్పగారిలోని నేతగాడు లేచి కూర్చున్నాడు. పడుగు నూలు తెగకుండా గంజి పట్టిస్తారు కదా, కాగితానికి ఎందుకు పట్టించకూడదని ఆయన ఆలోచన. బడి వెనకే వాళ్లిల్లు. ఆయన ఇంట్లో వార్చిన గంజి తీసుకుని, అన్నగారి మగ్గం దగ్గరి కుంచె తెచ్చి, కరపత్రాలకు చీరకు పెట్టినంత గంజి పెట్టి ఎండేశారు. ఆ కాగితంతో చేసిన గద్ద వదిలిన చోటే కాళ్ల మీద కూలబడింది. నా కాళ్ల మీదే. దెబ్బ బాగానే తగిలింది.

"సిక్కనయ్యింది," అన్నారాయన, నా కాలి సంగతి ఎత్తకుండా. "సన్న నూలుకు పెట్టేంత పల్చగా పెట్టల్ల."

పల్చటి గంజి పెట్టి మళ్లీ చేశారు. పెరట్లో తీగ మీద చీరల్లా వేలాడదీసి, మేం లోపలికి వెళ్లి వచ్చేసరికి తీగ ఖాళీగా ఉంది. కింద ఆయన భార్య శరణమ్మగారి మేక గులాబీ రంగు కాగితం చివర నములుతూ మమ్మల్ని చూస్తోంది. శరణమ్మగారు గుమ్మంలోంచి, "నువ్వు గంజి బెట్టి పెడితే అది తినకుంటుందా? మేకనంటే ఏం లాభం? నేనైతే నీకే పెట్టుంటా ఆ గంజి," అన్నారు. ఆయన కోటు సవరించుకుని, "రుసి మరిగింది," అన్నారు దిగులుగా. ఆ రోజు నుంచి ఆ మేకకూ ఆయనకూ పడలేదు.

ఇన్స్పెక్టరు వచ్చేరోజు రానే వచ్చింది. విమానాలన్నీ హెడ్మాస్టరు గదిలోకి చేర్చాం. కొత్తగా చేసిన గంజి గద్ద ఒకటి, ఆయన ఎన్నో తప్పుల తర్వాత కుదిర్చిన పెద్దది, ఆ గది కిటికీలో ఆరుతోంది. ఆ కిటికీకీ మా తరగతి కిటికీకీ మధ్య చిన్న వాకిలి. ఇన్స్పెక్టరుగారు కృష్ణాజిల్లా మనిషి, నవ్వడం పన్ను కట్టాల్సిన పని అనుకునే రకం. నా కుర్చీలో కూర్చుని పొట్టి ఈరన్నను లేపి, ఆవు పాఠం చదవమన్నారు.

పొట్టి ఈరన్న పిడికిలి ఎత్తాడు. "ఆవు! సాధు! జంతువు! అది మనకు... అమూల్యమైన పాలు ఇచ్చును!" అని గర్జించాడు. పుస్తకంలో అమూల్యమైన అనే మాట లేదు. పాఠం అవగానే తరగతి అంతా చప్పట్లు కొట్టింది. ఇన్స్పెక్టరుగారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

అదే సమయానికి వాకిలి అవతల మేక మెడలో గంట మోగింది. పక్కనే నిలబడ్డ హెడ్మాస్టరుగారి మొహం పాలిపోయింది. "ఒక్క నిమిషం సార్," అంటూ పంచె ఎత్తిపట్టి పరుగెత్తారు. ఆ తర్వాత ఆ గదిలో కుర్చీ పడ్డ చప్పుడు, "థూ, ఇడువే!" అన్న కేక వినిపించాయి. అంతే, మా కిటికీలోంచి గులాబీ రంగు గద్ద తేలుతూ లోపలికి వచ్చింది. ఏ తొందరా లేకుండా తరగతి మీద ఒక చుట్టు తిరిగి, ఇన్స్పెక్టరుగారి ఎదురుగా బల్ల మీద వాలింది.

"ఎవడు విసిరింది?" అన్నారాయన లేచి.

"ఈరన్న సార్!" అన్నారు పిల్లలు అలవాటుగా. సగం తరగతి లేచి నిలబడింది.

నాకు గంజి వాసన వచ్చింది. ఎవరిదో తెలిసిపోయింది. చెబితే పదవీ విరమణకు దగ్గరపడ్డ పెద్దమనిషి పరువు పోతుంది. చెప్పకపోతే అదుపులేని తరగతి అని రాస్తారు, నేను ఆదోని బస్సు ఎక్కాలి. నిజం చెప్తున్నాను, నేను నోరు తెరవకముందే గుమ్మంలోంచి ఆయన గొంతు వినిపించింది.

"నాదే సార్."

ఒక చేతిలో మేక పలుపు, కోటుకు ఒక బొత్తాం లేదు. ఇన్స్పెక్టరుగారు నమ్మలేదు. "టీచరు ఉద్యోగం నిలబెట్టాలని మీరు నింద మీదేసుకోవద్దు, వీరభద్రప్పగారూ. మీ వయసేమిటి, ఇదేమిటి?"

హెడ్మాస్టరుగారికి కోపం రావడం అదే మొదటిసారి చూశాను. "నిందేంది సార్? ఆ ముక్కు మడత సూడండి. పిల్లోళ్లతో అయ్యే పనేనా అది? మేక నోట్లో పడుతుంటే ఇడిసినా. నాది నాది కాదంటే ఎట్ల?"

ఇన్స్పెక్టరుగారు పళ్లు కొరికి, ఆ గద్దను అందుకుని, బలం కొద్దీ కిటికీ వైపు విసిరారు. అది నిట్టనిలువుగా లేచి, దూలం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి వచ్చి ఆయన కళ్లజోడుకు టక్కున తగిలింది.

"ఇసరగూడదు సార్, ఇడవాల!" అంది తరగతి అంతా ఒక్క గొంతుతో.

ఆయన కళ్లజోడు తీసి, వెనక్కి తిరిగి, చాలాసేపు తుడుచుకున్నారు. భుజాలు కదిలాయో, నాకు అలా అనిపించిందో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత ఇంకో ముగ్గురు ఈరన్నలతో చదివించారు. ముగ్గురూ గర్జించారు. ఒక్కడూ తడబడలేదు.

నా ఉద్యోగం ఖాయమైంది. పిల్లలు ధారాళంగా చదువుతున్నారనీ, కొంచెం మెల్లగా చదివితే బాగుంటుందనీ రాశారు. మా నాయన బస్సెక్కి వచ్చి హెడ్మాస్టరుగారి చేతులు పట్టుకుని, "మీరే నిలబెట్టినారు సార్ మా పాపను," అని కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆయన చాలా ఇబ్బందిపడి, "నేను గాదప్పా, మేక," అన్నారు.

ఆయనకు మాత్రం సంజాయిషీ అడుగుతూ పైనుంచి కాగితం వచ్చింది. ఆయన నన్ను కూర్చోబెట్టి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేస్తూ, మొదటి నుంచి చివరిదాకా పిడికిలి ఎత్తి మరీ చదివి వినిపించారు. నకలు రాసి ఫైల్లో పెట్టారు. అసలు కాగితాన్ని వేళ్ల మధ్య తడిమి, "సర్కారు కాగితం. గంజి అక్కర్లే," అన్నారు. మడిచారు. కిటికీలోంచి వదిలారు. అది అంతవరకు మేం ఎగరేసిన వాటన్నిటికంటే దూరం పోయింది.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేనూ హెడ్మిస్ట్రెస్‌నై, పదవీ విరమణ కూడా చేశాను. నా దగ్గర పనిచేసిన కుర్ర టీచర్ల మీదకు ఎన్ని సంజాయిషీలు రాబోయినా, అవి నా దగ్గరే ఆగేలా చూశాను. అది మంచితనమని జనం అన్నారు. మంచితనం కాదు. నాకు మరోలా చేయడం తెలియదు. గుమ్మంలో మేక పలుపు పట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని చూశాక ఇంకేం నేర్చుకుంటాను? ఆయనంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

నిన్న చీర మడిచి పెట్టాక, దానికి చుట్టి ఇచ్చిన పాత పేపరు చేతిలో మిగిలింది. మొత్తం చదివాను, ఉల్లిగడ్డల ధరలతో సహా. గద్దను చేసి, మిద్దెక్కి, వదిలాను. వీధి దాటి పోయి, సరిగ్గా ఇస్త్రీ బండి మీద మడిచిపెట్టిన బట్టల మీద వాలింది. ఇస్త్రీ చేసే అబ్బాయి తలెత్తి, "ఎవుర్రా ఇసిరింది?" అని గట్టిగా అరిచాడు.

పిట్టగోడ మీదికి వంగి, ఉన్న గొంతుతోనే చెప్పాను.

"నాదే నాయనా. ఇసరలేదు, ఇడిసినా."