టీచరమ్మగారి సాలీడు, నా చీమల మందు

ఆ రోజుల్లో మా వైపు ఏ కష్టానికైనా విరుగుడు ఒక్కటే, మందు కొట్టడం. పత్తికి పురుగొస్తే మందు, రాకపోతే రాకుండా మందు, పక్కచేనువాడు కొడుతున్నాడు కాబట్టి మనమూ కొట్టాలని మందు. తొంభైల చివర్లో చిలకలూరిపేటలో ఒక పురుగుమందుల కొట్లో గుమాస్తాగా చేరాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. డబ్బా మూత దగ్గర ముక్కు పెట్టి లోపల ఏముందో చెప్పేసేవాణ్ణి, అదో పెద్ద విద్యనుకునేవాణ్ణి. (ఇప్పుడు మా ఇంట్లో సాంబారు మాడినా నాకు తెలియదు. ఆ విద్యకు చెల్లించిన ఫీజు అది.)

నేను అద్దెకున్నది మిషన్ స్కూల్లో సైన్సు చెప్పే టీచరమ్మగారి డాబా మీది గదిలో. ఆవిడకు యాభై దాటాయి, ఒంటరి మనిషి, గంజిపెట్టిన చీర ఎప్పుడూ నలిగేది కాదు. ఆవిడ ముందుగదిలో టేబుల్ మీద ఒక గాజుపెట్టె, అందులో మట్టి, ఆ మట్టిలో అరచేయంత సాలీడు ఉండేవి. ఒళ్లంతా నూగు, చూపు తిన్నగా మన మీదే ఉన్నట్టుండేది. చీమకుర్తి క్వారీలో కూలిపని చేసే ఒకాయన తెచ్చిచ్చాడట. (ఊరి పేరులోనే చీమలున్నాయన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.) తోటివాళ్లు చెప్పుతో కొట్టబోతుంటే, హాస్టల్లో చదివే తన కూతురు ‘ఏ పురుగు దొరికినా మా టీచరుకి చూపించాలి’ అన్న మాట గుర్తొచ్చి, దాన్ని సీసాలో పెట్టుకుని బస్సెక్కాడట. దీన్ని టరాంటులా అంటారని ఆవిడ వీధివాళ్లందరికీ చెప్పారు, ఎవరికీ నోరు తిరగలేదు. ఆవిడ మాత్రం ‘అమ్మాయి’ అనేవారు. అమ్మాయి వచ్చాక ఆ ఇంటికి చుట్టాలు తగ్గారు, చందాలవాళ్లు పూర్తిగా మానేశారు.

అద్దెకు దిగిన మొదటిరోజే నాకో నియమం పెట్టారు. కొట్టు చొక్కాతో ముందుగదిలోకి రాకూడదు. పెరట్లో సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని అప్పుడు రావాలి. మా నాయనమ్మ మడి కూడా ఇంత కఠినంగా ఉండేది కాదు. చర్చికి వెళ్లే మనిషి సాలీడు కోసం మడి ఏమిటని నవ్వొచ్చి ఒకసారి అడిగాను కూడా. “పురుగుని చంపే మందుకి మనవాళ్లెవరో, పరాయివాళ్లెవరో తెలవదు బాబూ,” అన్నారు. కొట్లో మా యజమాని ఏడాదిలో నేర్పినదానికంటే ఆ ఒక్క మాటలోనే ఎక్కువ ఉందని నాకు అర్థం కావడానికి మరో రెండు నెలలు పట్టింది.

వేసవిలో టెన్త్ పేపర్లు దిద్దడానికి ఆవిడ రోజూ గుంటూరు వెళ్లొచ్చేవారు. ఆ వారమే అమ్మాయి తిండి మానేసింది. తాళంచెవి నా చేతికిచ్చి, “వెల్లకిలా పడుకుంటే చచ్చిపోయిందనుకోమాక. కుబుసం విడుస్తది. అప్పుడు ఒళ్లు వెన్నలాగా ఉంటది, చీమ కుట్టినా తట్టుకోలేదు. పెట్టె కదిలించొద్దు. మధ్యాహ్నం వచ్చి ఊరికే చూసిపో,” అన్నారు. ఊరికే చూసి వెళ్లడం చేతనైతే నేను నేనెందుకవుతాను? పాపం పస్తుంటోందని జాలిపడి, శుక్రవారం నా కేరేజీలోని గుడ్డట్టు ముక్క ఒకటి పెట్టెలో ఓ మూల పడేసి వెళ్లాను.

శనివారం మధ్యాహ్నం తలుపు తీసేసరికి అమ్మాయి వెల్లకిలా పడి ఉంది. గడప దగ్గర్నుంచి టేబుల్ కాలి మీదుగా ఎర్రచీమల బారు పెట్టె అంచుదాకా పాకింది. పెట్టె కదపకూడదు, దాన్ని ముట్టకూడదు. ఇక మిగిలింది నా విద్యే. కొట్టుకి పరిగెత్తాను. “ఏందిరా, అన్నం తినే టయానికి?” అన్నాడు యజమాని. చీమలన్నాను. ఇంకేమీ అడక్కుండా పొడి పొట్లం చేతిలో పెట్టాడు. తిరిగొచ్చి టేబుల్ చుట్టూ గుండ్రంగా, ఎక్కడా తెగకుండా, పెళ్లివారి ముగ్గులాగా గీత పోశాను. పోసి లేచి చూస్తే అసలు సంగతి తెలిసింది. గీత లోపల చిక్కుకున్న చీమలకు ఇంటికి పోయే దారి లేదు, అవన్నీ కలిసి పైకెక్కుతున్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది, పొడి లేస్తోంది.

ఆ రోజు ఒంటిపూటేనని నాకు తెలియదు. గుమ్మంలో టీచరమ్మగారు నిలబడి ఉన్నారు. గాలి ఒక్కసారి పీల్చారు, అంతా అర్థమైపోయింది. అరుస్తారనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను కూడా. “ఫ్యాను ఆపు,” అన్నారు. “చొక్కా మార్చి, చేతులు కడుక్కునిరా. పరిగెత్తొద్దు, గాలి లేస్తది.” నేనొచ్చేసరికి ముక్కుకి కొంగు చుట్టుకుని, తడిగుడ్డని లోపలికి మడుస్తూ మడుస్తూ పొడంతా తీసేశారు. బొమ్మలేసే కుంచె తడిపి, గాజు మీది చీమల్ని ఒక్కొక్కటే ఎత్తి నీళ్లలో వేశారు. పట్టకారుతో అట్టు ముక్క బయటికి తీసి, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. “ఉల్లిపాయ కూడా ఏశావే,” అన్నారు.

తర్వాత నెమ్మదిగా, క్లాసులో అడిగినట్టు అడిగారు. “నేతిగిన్నెకి చీమలు పట్టకుండా మీ అమ్మ ఏం చేసుద్ది?”

“పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో పెడతదండి.”

“మరి?”

అడక్కుండానే వంటింట్లోంచి గిన్నెలు తెచ్చాను. నాలుగు గిన్నెల్లో నీళ్లు పోసి, చీమలు తేలకుండా ఒక్కో దాంట్లో రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపారు. నేను టేబుల్ కాలు వేలెడు ఎత్తాలి, ఆవిడ గిన్నె తోయాలి. యాభై కేజీల యూరియా బస్తాలు భుజానేసుకుని నడిచే నాకు ఆ నాలుగు కాళ్లెత్తేసరికి ఒళ్లంతా చెమటలు పట్టాయి. గడపదాకా చీమల దారంతా సబ్బుగుడ్డతో తుడిచేశారు. దారి వాసన పోయాక వెనకున్న చీమలు కాసేపు అటూ ఇటూ తిరిగి వెళ్లిపోయాయి. ఇంత చిన్న పని అది. అంత చిన్న పనిని అంత శ్రద్ధగా చేసే మనిషిని నేను అంతవరకూ చూడలేదు, ఆ తర్వాతా ఎక్కువమందిని చూడలేదు.

సాయంత్రానికి కుబుసం ఊడింది. కానీ అమ్మాయి పాలిపోయి, కాళ్లు కదపకుండా పడి ఉంది. మందు సోకిందో లేదో వేచి చూడటం తప్ప మార్గం లేదన్నారు. ఆదివారమంతా గంటకోసారి మెట్లు దిగి, ఊరికే చూసిపోయాను.

సోమవారం పొద్దున్నే కింద నుంచి పిలుపు వచ్చింది. “బాబూ, కిందికి రా. అమ్మాయి నడుస్తంది.” పాత చర్మం పక్కన పడి ఉంది. అమ్మాయి కొత్త నల్లమఖమలు వేసుకుని, మమ్మల్ని లెక్కచెయ్యకుండా మట్టి తవ్వుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. టీచరమ్మగారు నన్ను కూర్చోబెట్టి ఉప్మా పెట్టి, తినబోయేముందు తలవంచి ప్రార్థన మొదలుపెట్టారు. అమ్మాయిని కాపాడినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. అయిపోయిందనుకున్నాను. ఆవిడ ఆగి, “ఈ బిడ్డ చేతుల్ని కూడా కాపాడు ప్రభువా. పొద్దస్తమానం ఆ విషంలోనే ఉంటన్నాడు. వీడికింకో పని చూపించు,” అన్నారు.

అన్నాళ్లూ ఆ కడుగుళ్లన్నీ సాలీడు కోసమే అనుకున్నాను. కొట్టు మానేసి ఇన్నేళ్లైనా, ఆ ఉదయం తలుచుకుంటే అప్పటి నేనైన ఆ కుర్రాడి మీద నాకు నవ్వూ, జాలీ రెండూ కలుగుతాయి. ఆమెన్ ఎప్పుడనాలో తెలియక, ఆవిడ ప్రార్థన ముగించకముందే రెండుసార్లు గట్టిగా అనేశాడు.