నీళ్ళెవరు కొడుతున్నరు?

మా మేనత్త పోయిందని మొన్న శ్రావణంలో ఒక పొద్దున మా బావ ఫోన్ చేశాడు. నేను నమ్మలేదు. సరేనని పెట్టేసి, షామీర్‌పేటలో వాళ్ళ పక్కింటి ఆమెకు చేసి అడిగాను. ఆమె ఏడుస్తూ అవునంది. అప్పుడు కూలబడ్డాను. ఒక్కరు చెప్పిన మాట పట్టుకుని ఊరుకోవద్దని, ఇంకొకరిని కూడా అడగాలని నాకు నేర్పింది మా అత్తే. చివరికి ఆమె చావు కబురు కూడా అలాగే కనుక్కోవలసి వచ్చింది.

అంత అనుమానం మనిషి మా వంశంలో ఇంకొకరు లేరు. పాలు పోసే అతని ముందే పాలలో వేలు ముంచి చూసేది. డాక్టరు రాసిన గోళీలు ఒక షాపులో కొని, అవేనా కాదా అని ఇంకో షాపులో చూపించేది. మొన్న తెలంగాణ వచ్చిందని టీవీలో చెబితే ఊరంతా పటాకులు కాల్చారు. మా అత్త మాత్రం కాయితం వచ్చిందా, ఉత్త మాటేనా అని అడిగింది. నా పెళ్ళికి ముందు మా ఆయన పనిచేసే మందుల కంపెనీకి పోయి, గేటు దగ్గర వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి, పిల్లగాడు ఎలాంటివాడని అరగంట ఆరా తీసింది. మా ఆయన ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆమె చదువుకోలేదు. పాతికేళ్ళు కట్టడాల దగ్గర కూలికి పోయింది. మొదట కంకర మోసింది. నడుము పట్టేశాక నీళ్ళు కొట్టే పనిలో పెట్టారు. కొత్తగా పోసిన సిమెంటును రోజుల తరబడి తడుపుతూ ఉండాలి. తడపకపోయినా పైకి గట్టిగానే కనబడుతుంది, లోపల మాత్రం బలం ఉండదు. సుచిత్ర చౌరస్తా చుట్టుపక్కల ఇప్పుడు మనం చూసే అపార్ట్‌మెంట్లలో చాలావాటిని పైపు పట్టుకుని తడిపింది మా అత్తే.

రెండేళ్ళ కింద కండ్లకోయ దాటాక, మేడ్చల్ వైపు, కడుతున్న ఇళ్ళలో ఒకటి తీసుకున్నాం. కాలేజీ ఆఫీసులో నా ఉద్యోగం, కంపెనీలో ఆయన ఉద్యోగం, ఇద్దరి జీతాలూ ఆ ఇంటికే రాసిచ్చినట్టు. మళ్ళీ ఇంకో ఇల్లు కొనే శక్తి ఈ జన్మకు లేదు. పై అంతస్తు స్లాబు పడ్డాక బిల్డర్ ఒక మాట చెప్పాడు. ఏవైనా పనులు మీరే సొంతంగా చేయించుకుంటామంటే శనివారంలోగా రాసివ్వండి, ఆ తర్వాత కుదరదన్నాడు. మేం ఆ రాత్రే కూర్చుని రాసేశాం. చెక్కుడు పని ఉన్న టేకు తలుపు, వంటింటి గ్రానైటు, కప్‌బోర్డులు, హాల్లో సీలింగు, రంగులు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా ఇవే రాశారు. తలుపు మీద నెమళ్ళు ఎటు తిరిగి ఉండాలో కూడా నేను అనుకుని పెట్టుకున్నాను.

అత్త చూస్తానంటే తీసుకుపోయాను. ఆమె ఇల్లంతా తిరగలేదు. మెట్ల దగ్గర నిలబడి బిల్డర్‌ను ఒక్కటే అడిగింది.

"నీళ్ళెవరు కొడుతున్నరు?"

ఆయన నవ్వి, మా వాళ్ళు చూసుకుంటారమ్మా అన్నాడు. ఆ మావాళ్ళు ఎవరు, పేరేంది అని అత్త అడిగింది. ఆయనకు అప్పుడే ఫోన్ వచ్చింది. రింగు మాత్రం మాకు వినబడలేదు.

ఇంటికొచ్చి నాతో ఆ కాగితం చదివించుకుంది. తలుపు అన్నాను. "అది ఆ బిల్డరుకే" అంది. గ్రానైటు. ఆయనకే. సీలింగు. ఆయనకే. నాకు ఒళ్ళు మండింది. మరి మనకేం మిగిలిందని అడిగాను.

"కంటికి కనబడేదంత ఆయనకే ఇడిసిపెట్టు బిడ్డా. తలుపు మంచిగ లేకుంటే రేపు మార్చుకుంటవు. గోడల, నేలల మూసేసేది మాత్రం ఆయన శేతుల పెట్టకు. అది మనం జేపిద్దాం."

అలా మా నెమళ్ళు ఎగిరిపోయాయి. కాగితం చింపి కొత్తది రాశాం. గోడలో పోయే కరెంటు వైర్లు, నీళ్ళ సంపు, బాత్‌రూముల్లో పైపులూ నీరు దిగకుండా వేసే పూతా. ఆ మూడూ మావి, మిగతావన్నీ బిల్డర్‌వి. బాత్‌రూములకు మనిషిని తానే తెస్తానని చెప్పి, వాళ్ళ ఊరి నుంచి ఒక భాయ్‌ని తెచ్చింది. పెద్దాయన, కుంటుతూ నడుస్తాడు. మా అత్త ఎవరినీ లెక్కచేసే రకం కాదు. అలాంటిది ఆ భాయ్ వస్తే లేచి స్టూలు వేసేది. అది చూసినప్పుడే నాకు కొంచెం తేడాగా అనిపించింది.

పని మొదలైన వారానికి బిల్డర్ సూపర్‌వైజర్ మా ఆయన చెవిలో ఒక మాట వేశాడు. మేస్త్రీలను తెచ్చేవాళ్ళకు అందులో వాటా ఉంటుందట, ఇది అందరికీ తెలిసిందేనట, మీ అత్తగారు ఊరికే తిరగడం లేదు చూసుకోండి అన్నాడట. పై బాత్‌రూములైనా బిల్డర్‌కు తిరిగి ఇచ్చేద్దామని మా ఆయన పట్టుబట్టాడు. సూపర్‌వైజర్ మాట ఎలా నమ్ముతావని నేను అడగాలి. అడగలేదు. లోకం మొత్తాన్ని అనుమానించే మనిషి ఈ ఒక్క భాయ్‌ని ఎందుకు అనుమానించదు అన్నదే నా మనసు పీకుతూ ఉంది. మర్నాడు సగం రోజు సెలవు పెట్టి, చెప్పకుండా పోయాను.

పై బాత్‌రూము గడపలో అత్త కూర్చుని ఉంది. నీళ్ళు పోయే తూముకు గుడ్డలు కుక్కి, నేలంతా మడమలు మునిగేటంత నీళ్ళు నిలబెట్టారు. నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో గోడ మీద బొగ్గుతో గీత గీసింది. పక్కన సద్ది డబ్బా. నిన్నటి నుంచి అక్కడే ఉందని కింద పనిచేసేవాళ్ళు చెప్పారు. భాయ్ మీద నమ్మకం లేదా అన్నాను.

"నమ్మకం ఉండబట్టే తెచ్చిన. ఉన్నదని సూడకుంట ఉంటమా?"

నేను సిగ్గుపడాలి, కానీ వచ్చిన పని వదలలేదు. సూపర్‌వైజర్ అన్న మాట ఆమె ముందే పెట్టి, నిజమేనా అత్తా అని అడిగేశాను. ఆమె కోపం చేసుకోలేదు. గీత వైపే చూస్తూ, నన్ను అడిగితే ఏం లాభం, నేనేం చెప్పినా నువ్వు నమ్మొద్దు, కిందికి పోయి ఆయన్నే అడుగు అంది. అడగడానికి దిగాను.

భాయ్ ఇసుక కుప్ప మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నా మాట విని చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత ప్యాంటు మోకాలి దాకా ఎత్తి కాలు చూపించాడు. సుచిత్రలో ఒక కట్టడం దగ్గర కిటికీ పైన కొత్త సజ్జ మీద నిలబడి పూత పూస్తుంటే అది విరిగి కింద పడ్డాడట. ఎందుకు విరిగిందో ఎవరికీ తెలియలేదు. వారం తర్వాత దవాఖానాకు మా అత్త వచ్చింది.

"ట్యాంకర్ రాలే, ఊకుండుమని కంట్రాక్టర్ అన్నడంట. నీళ్ళు కొట్టినవా అని మేస్త్రి అడిగితే కొట్టిన అన్నదంట బేటా. నేను అబద్ధం జెప్పిన భాయ్ అని నా మంచం కాడ నిలవడి జెప్పింది. జెప్పకపోతే నాకెట్ల తెలుస్తది? అప్పటి సంది ఆమె మాట ఆమెనే నమ్మది. ఎక్కడ పనున్నా నన్ను పిలుస్తది. వాటా అంటరా? నా ఇంట్ల చాయ్ గూడ తాగది."

అంటే సూపర్‌వైజర్ అన్నదాంట్లో కొంచెం నిజం లేకపోలేదు. ఆ పని భాయ్‌కి ఇప్పించడంలో మా అత్తకు సొంత అవసరం ఉంది. ఎలాంటి అవసరమో వాడికి ఏడు జన్మలెత్తినా అర్థం కాదు. నేను పైకి పోయి ఆమె పక్కన గడపలో కూర్చున్నాను. ఇద్దరం గీతనే చూశాం. మూడో రోజు సాయంత్రానికి నీళ్ళు గీత నుంచి గోరంత కూడా దిగలేదు. కింద గది కప్పుకు అరచెయ్యి ఆనించి చూసి, పొడిగా ఉందన్నాక గానీ ఆమె ఇంటికి పోలేదు. మా ఆయన బిల్డర్‌కు ఫోన్ చేయలేదు.

గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు పక్కింటి తలుపు చూసి, మా తలుపు చూసి లోపలికి వచ్చారు. నాకు చిన్నతనంగానే అనిపించింది. మరుసటి వానాకాలానికి మా వరుసలో చాలా ఇళ్ళలో బాత్‌రూముల కింద కప్పులు పెచ్చులూడాయి. నెమళ్ళ తలుపున్న ఇల్లు కూడా అందులో ఉంది. మా ఇంట్లో మరక లేదు. అయినా వాన పడ్డప్పుడల్లా అత్త రెండు బస్సులు మారి వచ్చి, స్టూలు ఎక్కి, కప్పు తడిమి చూసిపోయేది. ఒకసారి ఆ స్టూలు పట్టుకుని, నిన్ను అలా అడిగి ఉండకూడదత్తా అన్నాను. ఆమె దిగి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"అడిగితేనే మంచిగయింది. అడుగకుంటే నేను నిన్ను అనుమానపడుతుంటి."

ఈ ఏడు శ్రావణంలో సరిగా వానల్లేవు. అత్తను వాళ్ళ చెలకలో పూడ్చిపెట్టిన మూడో రోజు భాయ్ వచ్చి, ఎవరూ పిలవకుండానే, ఆమె మీద చిన్న సిమెంటు గద్దె కట్టాడు. నీళ్ళు నేను పోస్తానన్నాను. ఆయన నా ముఖం చూసి సరేనన్నాడు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే స్కూటీ మీద షామీర్‌పేట పోయి, బావి మోటారు దగ్గర బిందె నింపి, గద్దె నాలుగు పక్కలా తడిపి కాలేజీకి పోతున్నాను. చిన్నప్పుడు నన్ను పనికి వెంట తీసుకుపోయి, పక్కన నిలబెట్టుకుని పైపు పట్టుకున్న మనిషికి ఇప్పుడు నేను నీళ్ళు పోస్తున్నానంటే దుఃఖం ఆగడం లేదు.

నిన్న తిరిగి వస్తుంటే గట్టు మీద భాయ్ ఎదురయ్యాడు. నీళ్ళు కొట్టినవా బేటా అని అడిగాడు. కొట్టిన అన్నాను. తల ఊపాడు. నా పక్క నుంచి కుంటుకుంటూ గద్దె దాకా పోయి, వంగి, అరచెయ్యి దాని మీద ఆనించాడు.